మొదటి పుల్ కాదు, అయిదో పుల్ చూపించండి

2019లో ఆడి ఆర్ఎస్ క్యూ8 అనే ఎస్‌యూవీ జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌లో 7 నిమిషాల 42.253 సెకన్లకి ల్యాప్ కొట్టింది. 2024లో దాని కొత్త వెర్షన్, ఆర్ఎస్ క్యూ8 పెర్ఫార్మెన్స్, అదే 20.832 కిలోమీటర్ల ట్రాక్‌ని 7:36.698లో తిరిగొచ్చింది. రెండుసార్లూ నడిపింది ఫ్రాంక్ స్టిప్లరే, కాబట్టి డ్రైవర్ మారాడు కాబట్టి టైమ్ మారింది అనడానికి లేదు. పవర్ 600 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) నుంచి 640కి వెళ్లింది, అంటే 6.7 శాతం దాకా పెరిగింది, టైమ్ చూస్తే 1.2 శాతం తగ్గింది. ఆ అయిదున్నర సెకన్లన్నీ ఇంజిన్ నుంచే వచ్చాయా అంటే అదీ కాదు, ఎగ్జాస్ట్ తేలిక చేశారు, సౌండ్ ఇన్సులేషన్ కొంత పీకేశారు, ముందూ వెనకా చక్రాలకి పవర్ పంచే సెంటర్ డిఫరెన్షియల్ మార్చారు, వీల్స్ బరువు తగ్గించారు. కంపెనీ వాళ్లు ఇన్ని చోట్ల చెయ్యి పెడితే వచ్చిన అయిదున్నర సెకన్లు అవి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే మా బావ దగ్గర ఆర్ఎస్ క్యూ8 ఉంది, పోయిన ఎండాకాలం ఫోన్ చేసి "ఒరేయ్, స్టేజ్ వన్ కొట్టిస్తే 700 దాటుద్దంట, కొట్టించెయ్యనా?" అన్నాడు. స్టేజ్ వన్ అంటే పార్టులు మార్చకుండా ఇంజిన్ సాఫ్ట్‌వేర్ ఫైల్ మార్చి పవర్ పెంచడం. ఆ తర్వాత నన్ను ఇదే ప్రశ్న అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు, హైదరాబాద్‌లో ఇప్పుడు ఉరుస్‌లూ ఆర్ఎస్ క్యూ8లూ కయెన్‌లూ బాగానే కనిపిస్తున్నాయి కదా, కొన్న ఆర్నెల్లకి ప్రతి ఒక్కరికీ ఈ దురద మొదలవుతుంది. తప్పేం లేదు, నాకూ ఇష్టమే, ఇష్టం కాబట్టే ఇంత రాస్తున్నా. కాకపోతే అందరూ ఒకటే నంబర్ అడుగుతారు, పీక్ హార్స్‌పవర్ ఎంత అని. నేను బావకి చెప్పింది ఏంటంటే, ఆ నంబర్ మొదటి పుల్‌లో (పుల్ అంటే ఫుల్లుగా తొక్కి ఇంజిన్‌ని ఒకసారి పైదాకా లాగడం) వస్తుంది బావా, బండి చల్లగా ఉన్నప్పుడు, నువ్వు వరసగా లాగుతూ పో, అయిదోసారి ఎంత వస్తుందో అది నీ అసలు పవర్. రెండు టన్నులు దాటిన బండిలో ట్యూనింగ్ అంటే ముందు వేడి సంగతి, ఆ తర్వాతే మిగతావి.

ముందు ఈ బండ్ల చుట్టరికం తెలుసుకోవాలి. లంబోర్గిని ఉరుస్, ఆడి ఆర్ఎస్ క్యూ8, పాత కయెన్ టర్బో, బెంట్లీ బెంటేగా వీ8, ఇవన్నీ ఎంఎల్‌బీ ఈవో అనే ఒకే ప్లాట్‌ఫామ్ మీద పుట్టినవే, లోపల ఉన్నది కూడా ఒకే కుటుంబానికి చెందిన 4.0 లీటర్ల ట్విన్ టర్బో వీ8. రెండు టర్బోలూ ఇంజిన్ బయట కాకుండా వీ మధ్యలో కూర్చుంటాయి, ఎగ్జాస్ట్ గ్యాస్ టర్బో దాకా వెళ్లే దారి చిన్నదవుతుంది కాబట్టి రెస్పాన్స్ బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ ఆ నిప్పంతా ఇంజిన్ నెత్తిమీదే ఉంటుంది. ఆర్ఎస్ క్యూ8లో 600 పీఎస్, 800 ఎన్ఎం టార్క్, అంటే తిప్పే బలం. ఉరుస్‌లో 650, 850 ఎన్ఎం. అందుకే అందరూ "ఉరుస్‌లో అదే ఇంజిన్ 650 ఇస్తుంటే నా దాంట్లో సాఫ్ట్‌వేర్‌తో బిగించేశారన్నమాట, తాళం తీస్తే చాలు" అనుకుంటారు. సగం నిజం అది. మిగతా సగం తెలియాలంటే పోర్షే వాళ్లు కయెన్ టర్బో జీటీకి ఏం చేశారో చూడాలి, నా దృష్టిలో పెట్రోల్ ఎస్‌యూవీని ట్యూన్ చెయ్యడం ఎలాగో నేర్చుకోవాలంటే అంతకన్నా మంచి పాఠం లేదు.

మామూలు కయెన్ టర్బో 550 పీఎస్. టర్బో జీటీ 640 పీఎస్, 850 ఎన్ఎం. తేడా 90. ఆ 90 కోసం బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నొక్కే గాలి ఒత్తిడి) పెంచి ఊరుకోలేదు వాళ్లు. క్రాంక్‌షాఫ్ట్ మార్చారు, కనెక్టింగ్ రాడ్లు మార్చారు, పిస్టన్లు, టైమింగ్ చైన్ డ్రైవ్, టార్షనల్ డ్యాంపర్లు మార్చారు, ఇంటర్‌కూలర్ (టర్బోలో వేడెక్కిన గాలిని చల్లార్చేది), ఇన్‌టేక్, ఇంజెక్షన్ మీద పని చేశారు. గేర్‌బాక్స్ షిఫ్టులు వేగం చేశారు, ట్రాన్స్‌ఫర్ బాక్స్‌కి విడిగా వాటర్ కూలింగ్ పెట్టారు. ఆ చివరిది మళ్లీ చదవండి ఒకసారి, ముందు చక్రాలకి పవర్ పంచే డబ్బాకి నీళ్ల కూలింగ్! అది ఏ బ్రోషర్‌లోనూ పెద్ద అక్షరాల్లో ఉండదు, ఏ రీల్‌లోనూ కనపడదు, కానీ రెండో ల్యాప్‌లో కూడా బండి ముందు చక్రాలకి సరిగ్గా టార్క్ పంపాలంటే అదే కావాలి.

ఇక కింద సంగతి. బండి టర్బో కూపే కన్నా 17 మి.మీ. కిందకి దిగింది, మూడు ఛాంబర్ల ఎయిర్ సస్పెన్షన్ 15 శాతం దాకా గట్టిపడింది, ముందు వీల్స్ అంగుళం వెడల్పు పెరిగాయి, నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) 0.45 డిగ్రీలు ఎక్కువైంది, టైర్లు 22 అంగుళాల పిరెల్లీ పీ జీరో కోర్సా, వెనక 315 మి.మీ. వెడల్పు. ఎగ్జాస్ట్ టైటానియం, మధ్య సైలెన్సర్ తీసేశారు. రూఫ్ కార్బన్. 2021 జూన్‌లో లార్స్ కెర్న్ దీన్ని 7:38.925లో తిప్పాడు, 2,220 కిలోల బండిని. సగటు వేగం లెక్కేస్తే 163 కి.మీ. పైన వస్తుంది, మలుపులన్నీ కలుపుకుని! 0.45 డిగ్రీల క్యాంబర్ అంటే చెవికి చిన్నగా ఉంటుంది గానీ, ఇంత బరువైన బండి మలుపులో పక్కకి ఒరిగినప్పుడు టైరు అంచు మీదే లోడంతా పడి అది కాలిపోకుండా మొత్తం ట్రెడ్ రోడ్డుకి ఆనేలా చేసేది అదే.

ఇప్పుడు పక్కన ఇంకో బండి పెడదాం. జర్మనీలోనే కెంప్టన్‌లో ఆబ్ట్ అనే ట్యూనర్ ఉంది, ఆడి బండ్లకి పేరున్న వాళ్లు, వాళ్లు ఆర్ఎస్‌క్యూ8-ఆర్ అని 125 బండ్లు చేశారు, 740 పీఎస్, 920 ఎన్ఎం. ఫ్యాక్టరీ ఆర్ఎస్ క్యూ8 0-100కి, అంటే ఆగిన చోటి నుంచి 100 కి.మీ. వేగానికి, 3.8 సెకన్లు తీసుకుంటే ఇది 3.4. చాలా మంచి పని అది, నాకు చాలా ఇష్టమైన బండి. కానీ 640 పీఎస్ ఉన్న టర్బో జీటీ 0-100కి 3.3 అంటోంది. వంద పీఎస్ తక్కువ ఉండి కూడా! బరువు, టైరు, గేర్‌బాక్స్ షిఫ్ట్, లాంచ్ అప్పుడు టార్క్ ఎలా పోస్తున్నారు, ఇవన్నీ కలిస్తే ఆ వంద పీఎస్ తేడా పూడిపోయింది. బావకి ఈ రెండు బండ్ల లెక్క పక్కపక్కన పెట్టి చూపించాకే కాస్త ఆగాడు.

సరే, స్టేజ్ వన్ అంటే లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఈ తరం ఈసీయూలు, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్లు, టార్క్ లెక్కలో పనిచేస్తాయి, మీరు యాక్సిలరేటర్ తొక్కితే అది డైరెక్ట్‌గా థ్రాటిల్ తెరవదు, ఇతనికి ఇంత టార్క్ కావాలి అని లెక్కేస్తుంది, ఆ టార్క్‌కి ఇంత గాలి, ఆ గాలికి ఇంత బూస్ట్, ఇంత ఇగ్నిషన్ అడ్వాన్స్ (స్పార్క్ ఎంత ముందు పడాలి) అని కిందకి దిగుతుంది, దారిలో ప్రతి చోటా ఒక హద్దు ఉంటుంది, గేర్‌బాక్స్ ఇంతకన్నా తట్టుకోదు, ఎగ్జాస్ట్ ఇంతకన్నా వేడెక్కకూడదు, టర్బో ఇంతకన్నా తిరగకూడదు. మంచి ట్యూనర్ ఈ హద్దుల్ని ఒకదానికొకటి సరిపోయేలా జాగ్రత్తగా జరుపుతాడు, వేడి నుంచి కాపాడే హద్దుల్ని మాత్రం ముట్టుకోడు. చెడ్డ ట్యూనర్ వాటినే ముందు తీసేస్తాడు, ఎందుకంటే అవే మొదటి పుల్‌లో నంబర్‌ని ఆపుతున్నాయి. రెండు ఫైళ్లూ డైనో (బండి చక్రాల్ని రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే మిషన్) షీట్ మీద ఒకేలా కనిపిస్తాయి, అదీ ఇక్కడ ప్రమాదం.

ఇంకోటి, టార్క్ ఎక్కడ పెంచాడన్నది అడగండి. 2,000 ఆర్‌పీఎం దగ్గరే టార్క్‌ని కుమ్మరిస్తే సిటీలో తొక్కగానే వెనక్కి తోసినట్టు ఉంటుంది, ఓనర్ ఖుషీ, కానీ డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లకి తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ లోడ్ పడితే స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే రోగం ఒకటి ఉంది, ఒక్కసారి గట్టిగా జరిగినా పిస్టన్ పగలొచ్చు. నేనైతే కింద ఫ్యాక్టరీ టార్క్‌కి దగ్గర్లోనే ఉంచి 4,000 పైన జాగ్రత్తగా పెంచమంటా. 640 పీఎస్ 6,000 ఆర్‌పీఎం దగ్గర కావాలంటే అక్కడ 750 ఎన్ఎం చాలు, లెక్కేసి చూస్కోండి, కాబట్టి పీక్ టార్క్ వెయ్యి దాటించాల్సిన అవసరం ఎక్కడుంది? గేర్‌బాక్స్ కూడా మనదే కదా, జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్ బాక్స్, చాలా గట్టిది, కానీ దాని సాఫ్ట్‌వేర్‌లో టార్క్ హద్దు ఒకటి ఉంటుంది, ఇంజిన్ ఫైల్ మార్చి గేర్‌బాక్స్ ఫైల్ మార్చకపోతే ఇంజిన్ చెప్పే టార్క్‌కీ గేర్‌బాక్స్ నమ్మే టార్క్‌కీ పొంతన ఉండదు, క్లచ్‌లకి సరిపడా ప్రెషర్ పెట్టదు, షిఫ్ట్‌లో జారుతుంది.

ఇప్పుడు మన ఊరి గాలి. 15 డిగ్రీల దగ్గర సముద్ర మట్టంలో ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు ఉంటుంది. హైదరాబాద్ అయిదొందల మీటర్ల పైన ఉంది, మే నెలలో మధ్యాహ్నం 42 డిగ్రీలంటే అదే ఘనపు మీటరులో 1.05 కిలోలు కూడా కష్టమే, అంటే 14 శాతం గాలి తక్కువ. టర్బో బండికి ఏమవదు, టర్బో సర్దేసుకుంటుంది అంటారు. సర్దుకుంటుంది, నిజమే, కానీ ఊరికే సర్దుకోదు. అదే బూస్ట్ ఇవ్వడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి, తిరిగితే గాలి ఇంకా వేడెక్కుతుంది, ఆ వేడి తియ్యాల్సిన ఇంటర్‌కూలర్ మీదకి వచ్చే బయట గాలే 42 డిగ్రీలు ఉంది, ఇంటర్‌కూలర్ ఎంత మంచిదైనా బయట గాలి కన్నా చల్లబరచలేదు. అప్పుడు లోపలికి వెళ్లే గాలి 60, 70 డిగ్రీలు దాటుతుంది, నాక్ సెన్సర్లు (మిశ్రమం వేళ తప్పి పేలే చప్పుడుని పట్టేవి) వినడం మొదలెడతాయి, ఈసీయూ ఇగ్నిషన్ వెనక్కి లాగుతుంది, పవర్ పడిపోతుంది. చలికాలం జర్మనీలో చేసిన ఫైల్‌ని మే నెల గచ్చిబౌలిలో వేస్తే జరిగేది ఇదే.

ఎత్తు సంగతి ఎలా ఉంటుందో చూడాలంటే పైక్స్ పీక్ ఉంది, అమెరికాలో కొలరాడోలో. 20 కిలోమీటర్ల కొండ రోడ్డు, 156 మలుపులు, 2,860 మీటర్ల దగ్గర మొదలై 4,302 మీటర్ల దగ్గర అయిపోతుంది. పైకెళ్లేసరికి గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదాంట్లో 60 శాతమే మిగులుతుంది. 2018లో బెంటేగా (వీ8 కాదు, డబ్ల్యూ12 ఇంజిన్‌ది) 10:49.9లో ఎక్కింది, రీస్ మిలెన్ నడిపాడు. 2022లో ఉరుస్ పెర్ఫార్మెంటే 10:32.064, డ్రైవర్ సిమోన్ ఫజోలీ. పెర్ఫార్మెంటే దగ్గర నాకు నచ్చేది ఏంటంటే పవర్ 16 మాత్రమే పెంచారు, 650 నుంచి 666, కానీ ఎయిర్ సస్పెన్షన్ పీకేసి స్టీల్ స్ప్రింగులు వేశారు, బండిని 20 మి.మీ. దించారు, 47 కిలోలు తగ్గించారు. 0-100కి మామూలు ఉరుస్ 3.6 అయితే ఇది 3.3. పదహారు హార్స్‌పవర్‌తో 0.3 సెకన్లు రావు కదా!

పెట్రోల్ గురించి. యూరప్‌లో ఈ బండ్లు 98 ఆక్టేన్ (పెట్రోల్ నాక్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే నంబర్) మీద ట్యూన్ అయ్యుంటాయి. మన దగ్గర మామూలు బంకుల్లో ఇప్పుడు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్), ఆక్టేన్ 95 దరిదాపుల్లో. ఇథనాల్‌కి నాక్‌ని ఆపే గుణం ఉంది, సిలిండర్ని చల్లబరుస్తుంది కూడా, కాకపోతే లీటరుకి వచ్చే శక్తి తక్కువ, కాబట్టి అదే పవర్‌కి ఇంకొంచెం ఎక్కువ ఫ్యూయల్ పోయాలి, ఫ్యూయల్ పంప్ ఇప్పటికే తన హద్దు చివర్లో ఉంటే ఇక్కడ దొరికిపోతుంది. ఇండియన్ ఆయిల్ వాళ్ల ఎక్స్‌పీ100 2020 డిసెంబర్‌లో వచ్చింది, 100 ఆక్టేన్, ఖరీదెక్కువ, అన్ని బంకుల్లో ఉండదు. బావకి నేను చెప్పింది, నువ్వు ఏ పెట్రోల్ రోజూ దొరికించుకోగలవో దానికే ఫైల్ చేయించు, దొరికినప్పుడు 100 పోసుకో. విజయవాడ వెళ్తూ దారిలో దొరికింది పోసుకుని ఓఆర్ఆర్ ఎక్కగానే తొక్కే మనిషి వాడు, వాడి ఫైల్ 100 ఆక్టేన్ మీద ఆధారపడి ఉండకూడదు.

డైనో. ఊరు, పేరు అనవసరం గానీ, బావతో కలిసి ఒక చోటికి వెళ్లాను. బానెట్ ముందు ఒక ఫ్యాన్ పెట్టారు, ఇంట్లో పెళ్లికి పెట్టుకునే సైజు. 100 కి.మీ. వేగంలో సెకనుకి దాదాపు 28 మీటర్లు వచ్చే గాలి స్థానంలో ఆ ఫ్యాన్. మొదటి పుల్ కర్వ్ బాగుంది, ఆ షీటే ప్రింట్ చేసి చేతిలో పెట్టబోయారు. ఆగకుండా ఇంకో నాలుగు లాగమన్నాను, లాగేకొద్దీ పైన కర్వ్ వంగిపోతూ వచ్చింది, లాగ్‌లో, అంటే బండి కంప్యూటర్ నుంచి తీసిన రికార్డులో, ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి) టెంపరేచర్ ఎక్కుతోంది, ఇగ్నిషన్ దిగుతోంది. బండి తప్పు కాదది, గాలి లేదు అంతే. ఆ చివరి కర్వ్‌ని మొదటి దాని మీద పెట్టి ప్రింట్ ఇమ్మన్నా. ఆ కాగితం ఇంకా బావ బండి గ్లవ్ బాక్స్‌లోనే ఉంది, ఎవరడిగినా అదే చూపిస్తాడు.

డైనో దగ్గర చూస్కోవాల్సింది ఇంకోటి ఉంది, కరెక్షన్ ఫ్యాక్టర్. ఎస్ఏఈ జే1349 అనే ప్రమాణం ప్రకారం కొలిచిన పవర్‌ని 25 డిగ్రీలు, 99 కిలోపాస్కల్స్ గాలికి మార్చి చూపిస్తారు. 42 డిగ్రీల హైదరాబాద్‌కి ఆ ఫార్ములా వేస్తే 8 శాతం పైన కలుస్తుంది, చక్రాల దగ్గర 560 కొలిస్తే తెర మీద 605 దాటి పడుతుంది. టర్బో లేని ఇంజిన్‌కి అది న్యాయమే. టర్బో బండిలో ఈసీయూ ఇప్పటికే బూస్ట్‌తో ఆ లోటు చాలావరకు పూడ్చేసింది, దాని మీద మళ్లీ 8 శాతం కలిపితే లేని పవర్ కాగితం మీద పుడుతుంది. పైగా దాని మీద డ్రైవ్‌ట్రెయిన్ లాస్ (చక్రాలకి చేరేలోపు పోయే పవర్) అని నోటికొచ్చిన 15 శాతమో 20 శాతమో కలిపి క్రాంక్ పవర్, అంటే ఇంజిన్ దగ్గరి పవర్, అంటారు. అందుకే కరెక్షన్ తీసేసిన నంబర్ అడగండి, ట్యూన్‌కి ముందూ తర్వాతా అదే డైనో, అదే గేర్, అదే వాతావరణం ఉంటే చాలు, తేడా నమ్మొచ్చు. గేర్ అంటే ఈ జెడ్‌ఎఫ్ బాక్స్‌లో ఆరోది 1:1 (ఇంజిన్ వేగమే బాక్స్ బయటికీ వస్తుంది), దాంట్లోనే లాగాలి, మాన్యువల్ మోడ్‌లో పెట్టి, కిక్‌డౌన్ తగిలి కింది గేర్‌కి పడకుండా.

నాకు డైనో కన్నా రన్‌వే లాంటి చోట తీసిన 100-200 లాగ్, అంటే 100 నుంచి 200 కి.మీ. వేగానికి పట్టిన టైమ్, ఎక్కువ నచ్చుతుంది. 0-100లో లాంచ్, టైరు, రోడ్డు గరుకుదనం అన్నీ కలిసిపోతాయి, అమెరికా లెక్కలో అయితే మొదటి అడుగు దూరం టైమ్‌లోంచి తీసేస్తారు, అక్కడే 0.2 సెకన్లు దాకా తేడా, కాబట్టి ఇద్దరి 0-100 పక్కపక్కన పెట్టే ముందు అది అడగాలి. 100-200లో అవేం లేవు, ఇంజిన్, గేర్‌బాక్స్, బరువు, గాలి, అంతే. కానీ వాలు సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ క్లాస్ బండి 8 సెకన్లలో 100 నుంచి 200కి వెళ్లిందనుకోండి, ఆ లోపు 340 మీటర్లు పోతుంది, రోడ్డు ఒక్క శాతం కిందకి ఉంటే ఆ దూరంలో మూడున్నర మీటర్లు దిగుతాం, కంటికి అస్సలు తెలీదు, టైమ్‌లో మాత్రం 0.2 సెకన్లు ఊరికే వచ్చేస్తుంది. అందుకే ఒకే చోట రెండు దిక్కులా లాగి సగటు తియ్యాలి. ట్యాంక్ కూడా ప్రతిసారీ ఒకే లెవెల్‌లో ఉంచాలి, 85 లీటర్ల ట్యాంక్ నిండుగా ఉండటానికీ పావు ఉండటానికీ 47 కిలోల తేడా. ఇవి చెయ్యకుండా "ట్యూన్ తర్వాత 0.3 తగ్గింది" అంటే అందులో ట్యూన్ ఎంతో రోడ్డు ఎంతో దేవుడికే తెలియాలి.

ఇవన్నీ ఓఆర్ఆర్ మీద చెయ్యొద్దు. దీని గురించి నేను గట్టిగానే చెప్తా, ఎవరికి కోపం వచ్చినా సరే. ఓఆర్ఆర్ లిమిట్ 120. 200లో ఉన్న బండి సెకనుకి 55 మీటర్లు పోతుంది, ముందు లారీ లేన్ మారితే మీ చేతిలో ఏమీ ఉండదు, ఆ లారీలో ఉన్నవాడికీ ఇంట్లో పిల్లలుంటారు. ఇండియాలో చోట్లు ఉన్నాయి, ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో నాట్రాక్స్ ఉంది, 11.3 కిలోమీటర్ల హై స్పీడ్ ట్రాక్, నాలుగు లేన్లు, 2021లో మొదలైంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల సర్క్యూట్ ఉంది, గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు. మనకే లేదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగితే ఇంక మన ఊరికి ట్రాక్ సంస్కృతి వచ్చేస్తుందని ఎంత ఆశపడ్డానో, మరుసటి ఏడాదికే అది రద్దయిపోయింది. ఇన్ని కోట్ల బండ్లు ఉన్న ఊరికి ఒక పర్మనెంట్ సర్క్యూట్ ఉండాలి, ఉంటే రోడ్డు మీద ఈ వేషాలు సగం తగ్గుతాయని నా నమ్మకం.

బ్రేకులు. ఇక్కడ బావ అసలు ఆలోచించలేదు, ట్యూనర్లు కూడా మాట్లాడరు. 2,300 కిలోల బండి 250 కి.మీ. వేగంలో ఉంటే దాంట్లో ఉన్న శక్తి 5.5 మెగాజూల్స్, బిందెడు నీళ్లు, అంటే 17 లీటర్లు, మరిగించడానికి సరిపోయేంత. ఒక్కసారి గట్టిగా ఆపితే అందులో ఎక్కువ భాగం నాలుగు డిస్కుల్లోకి కొన్ని సెకన్లలో వెళ్లిపోవాలి. ఉరుస్‌కి ముందు 440 మి.మీ. సెరామిక్ డిస్కులు, పది పిస్టన్ల కాలిపర్లు ఊరికే పెట్టలేదు. పవర్ పెంచారంటే ప్రతి స్ట్రెయిట్ చివర్లో ఇంకాస్త ఎక్కువ వేగంలో బ్రేక్ పట్టుకుంటారు, వేగం పది శాతం పెరిగితే శక్తి 21 శాతం పెరుగుతుంది. కాబట్టి పెర్ఫార్మెన్స్ టెస్టింగ్‌లో 100-0 కూడా వరసగా చెయ్యాలి, మొదటిసారి ఎంత దూరంలో ఆగింది కాదు, ఆపకుండా చేస్తూ పోతే పెడల్ ఎక్కడిదాకా దిగుతోంది, దూరం ఎంత పెరుగుతోంది అని. బ్రేక్ ఫ్లూయిడ్ పాతదైతే నీరు పట్టేసి ఉంటుంది, అక్కడే మరుగుతుంది, పెడల్ మెత్తగా కిందకి పోతుంది. ట్యూన్‌కి ముందు కొత్త ఫ్లూయిడ్ పోయించడానికి అయ్యే ఖర్చు ఈ బండ్ల ముందు లెక్కలోకే రాదు. టైర్ల సంగతీ అంతే, తయారీ తేదీ చూడండి, లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే నంబర్) చూడండి, ప్రెషర్ చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా రెండుసార్లూ రాసుకోండి.

చట్టం గురించి రెండు ముక్కలు. మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ నుంచి, ఆర్‌సీలో ఉన్న వివరాల నుంచి బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. ఆథరైజ్డ్ సర్వీస్‌లో ల్యాప్‌టాప్ పెట్టగానే సాఫ్ట్‌వేర్ మారిన సంగతి తెలిసిపోతుంది, వారంటీ అక్కడితో వదిలేసుకోవాల్సి రావచ్చు, ఇన్సూరెన్స్ వాళ్లకీ ఒక సాకు దొరుకుతుంది. జర్మనీలో అయితే ట్యూనింగ్ పార్టులకి టీయూవీ అనే తనిఖీ సంస్థ అప్రూవల్ ఉంటుంది, పేపర్ల మీద ఎక్కించుకుని దర్జాగా తిరుగుతారు, మనకి అలాంటి దారి ఉంటే ఎంత బాగుండేదో. ఉన్నంతలో రెండున్నర కోట్ల బండి మీద ఈ రిస్క్ మీకు ఓకేనా అన్నది మీరు ఇంట్లోవాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి.

బావ చివరికి స్టేజ్ వన్ పక్కన పెట్టాడు, ఈ ఏడాదికి. ముందు టైర్లు మార్చాడు, బ్రేక్ ఫ్లూయిడ్, ప్యాడ్లు, అలైన్‌మెంట్‌లో ముందు క్యాంబర్ సర్దుబాటులో ఉన్నంత వరకు నెగటివ్‌కి జరిపించాడు, ఇంటర్‌కూలర్‌లోనూ రేడియేటర్ల మధ్యా పేరుకున్న పురుగులూ దుమ్మూ శుభ్రం చేయించాడు, దాంతోనే వరస పుల్స్‌లో టెంపరేచర్ ఎక్కడం నెమ్మదించిందని లాగ్‌లో కనపడింది. చలికాలంలో చెన్నై ట్రాక్ డేకి స్టాక్ (కంపెనీ ఇచ్చిన) సాఫ్ట్‌వేర్‌తోనే వెళ్లి బేస్‌లైన్, అంటే తర్వాత పోల్చుకోవడానికి మొదటి లెక్క, తీసుకుంటాం, ఫైల్ సంగతి ఆ తర్వాత.

ఎవరైనా ఇదే తరహా బండికి ట్యూన్ చేయించబోతుంటే, ముందు స్టాక్ మీద ఇవి లాగ్ చేసి పెట్టుకోండి: ఇన్‌టేక్ టెంపరేచర్, అడిగిన బూస్ట్ ఎంత వచ్చింది ఎంత, ఎనిమిది సిలిండర్లకీ విడివిడిగా ఇగ్నిషన్ ఎంత వెనక్కి లాగింది, ఫ్యూయల్ రైల్ ప్రెషర్, గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్, బయట టెంపరేచర్, పోసిన పెట్రోల్ ఏది. మొదటి పుల్‌దీ అయిదో పుల్‌దీ రెండూ ఉండాలి. ఉరుస్ గానీ, కయెన్ గానీ ఉన్నవాళ్లు ఎవరైనా హైదరాబాద్ ఎండలో తీసిన లాగ్ పంపితే బావ బండి దాని పక్కన పెట్టి పోల్చి రాస్తా, ముఖ్యంగా ఉరుస్ మీద నాకు చాలా ఆసక్తిగా ఉంది, ఆ 50 పీఎస్ తేడా మే నెలలో ఎంత మిగులుతుందో చూడాలి.